ఫిబ్రవరి అంచనా చూసి మామిడికి మందు ఆపవచ్చా?

ఫిబ్రవరిలో వాన సాధారణం కంటే తక్కువని వాతావరణ శాఖ అంచనా వచ్చింది కదా, చిత్తూరు దగ్గర పూత మీదున్న తోటకు మందు కొట్టకుండా ఊరుకోవచ్చా అని అడిగారు. ఊరుకోవద్దండి. నేను అలా ఊరుకునే ఒక ఏడాది కాపు పోగొట్టుకున్నాను.

మాది బంగారుపాలెం వైపు మూడెకరాల తోతాపురి. ఆ ఏడాదీ ఇలాంటి అంచనానే చదివి, మందు ఖర్చు మిగిలిందని సంబరపడ్డాను. ఫిబ్రవరిలో నాలుగు రోజులు మబ్బు పట్టింది. చినుకు పడలేదు, నేల తడవలేదు. తెల్లవారితే మాత్రం ఆకుల కొసల నుంచి మంచు బొట్లు. అయిదో రోజు పూత గుత్తిని పట్టుకుంటే వేళ్లకు విభూతి అంటినట్టు తెల్లటి పొడి. బూడిద తెగులు! చెట్టు కింద నడిస్తే పూత రసం పీల్చే తేనెమంచు పురుగులు చిటపటమని ఎగిరాయి, ఆకులు జిగురుజిగురుగా ఉన్నాయి. పట్టిన కాస్త పిందె కూడా రాలిపోయింది.

అంచనా తప్పిందని అందరి దగ్గరా తిట్టాను. నిజానికి అది తప్పలేదు, వాన పడలేదు కదా! బూడిద తెగులుకు వానతో పని లేదు. రాత్రి చల్లదనం, గాలిలో తేమ, మబ్బు ఉంటే చాలు.

ఇంకో సంగతి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఫిబ్రవరిలో సాధారణ వర్షపాతమే అతి స్వల్పం కాబట్టి ఒక్క జల్లు పడితే 'తక్కువ' కాస్తా 'ఎక్కువ' అయిపోతుంది. పైగా ఆ నెల అంచనాతో ఇచ్చే రంగుల పటంలో తిరుపతికీ, దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెకూ ఒకే రంగు ఉంటుంది. రెండు చోట్లా చలి ఒకటేనా?

నెల అంచనా కంటే, ప్రతి గురువారం వాతావరణ శాఖ ఇచ్చే రాబోయే వారాల అంచనా నాకు ఎక్కువ అక్కరకొచ్చింది. అందులోనూ నేను వాన కంటే ముందు తూర్పు గాలుల ప్రస్తావన ఉందా అని వెతుకుతాను. బంగాళాఖాతం మీది తేమను మోసుకొచ్చేవి అవే.

మీ పూత ఏ దశలో ఉందో రాయలేదు. ఇంకా విచ్చకపోతే నీటిలో కలిపే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఎండ ముదరక ముందే కొట్టండి. పూర్తిగా విచ్చి ఉంటే పురుగు మందు జోలికి పోవద్దు. ఈగలు, తేనెటీగలు చస్తే పిందె కట్టదు.