టాంపా జీతానికి న్యూజెర్సీ పన్ను ఎందుకు?

ప్రశ్న: నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, మా వారు ఏడాదంతా ఫ్లోరిడాలోని టాంపాలో ఉద్యోగం చేస్తున్నాం. ఇద్దరిదీ హెచ్-1బి వీసా. నా జీతం 90,000 డాలర్లు, ఆయనది 1,30,000. శంషాబాద్ ప్లాటు వాయిదాలు పోగా సేవింగ్స్‌లో 4,000 ఉన్నాయి. ఫెడరల్ (కేంద్ర) పన్ను రిటర్న్ జాయింటుగా, అంటే ఇద్దరిదీ కలిపి వేస్తుంటే, న్యూజెర్సీకి ఇంకా 6,300 కట్టాలని సాఫ్ట్‌వేర్ చూపిస్తోంది. క్రెడిట్ కార్డుతో కట్టి నెమ్మదిగా తీర్చుకోవచ్చా?

జవాబు: ముందు ఆ కార్డు లోపల పెట్టండి. మీరు రాసినదంతా సరైనదైతే ఆ 6,300 డాలర్లు మీరు కట్టవలసిన పన్నే కాదు. ఫెడరల్ జాయింటైతే స్టేట్ కూడా జాయింటే అనుకుని, సాఫ్ట్‌వేర్ పెట్టిన టిక్కును ముట్టుకోకుండా ముందుకు వెళ్లిపోయే జంటలను ఏటా చూస్తూనే ఉన్నాను. ఫెడరల్‌లో జాయింటుగా వేశారా, విడిగా వేశారా అన్నదాన్నే న్యూజెర్సీ మామూలుగా తన రిటర్న్‌లోనూ అడుగుతుంది గాని, దంపతుల్లో ఒకరు ఏడాది పొడవునా అక్కడి నివాసి, మరొకరు ఏడాది పొడవునా నివాసి కానివారు అయితే, నివాసి విడిగా రిటర్న్ వేసుకోవచ్చు. జాయింటుగా వేయడమంటే మీ వారినీ అక్కడి నివాసిగానే లెక్కగట్టమని మీరే ఒప్పుకుని, ఫ్లోరిడాలో రాష్ట్ర పన్ను లేని జీతాన్ని న్యూజెర్సీ చేతిలో పెట్టడం. తలకు 1,000 డాలర్ల మినహాయింపు మాత్రమే తీసి చూస్తే, జాయింటుగా పన్ను సుమారు 9,840 డాలర్లు, మీరొక్కరే వేస్తే సుమారు 3,540. ఆ రెండోది మీ జీతంలోంచి దాదాపుగా పట్టుకునే ఉంటారు.

అయితే ‘ఏడాదంతా టాంపా’ అన్న మాటకు అక్కడి లీజు, డ్రైవింగ్ లైసెన్సు వంటి కాగితాలు ఉండాలి. ఆయన శుక్రవారం విమానంలో వచ్చి, సోమవారం ఎడిసన్ ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి పనిచేసి ఉంటే, ఆ రోజుల జీతం న్యూజెర్సీ సంపాదనే. దానికి ఆయన నాన్‌రెసిడెంట్ రిటర్న్ వేయాలి. టాంపా వెళ్లకముందు ఆయన కాపురం కూడా ఎడిసన్‌లోనే ఉండి, ఆ ఇల్లు ఇప్పటికీ ఇద్దరిదీ అయితే, ఆయన ఇంకా న్యూజెర్సీ నివాసిగానే లెక్కకు రావచ్చు; రిటర్న్ వేసే ముందే సీపీఏకు (లైసెన్సున్న అకౌంటెంటుకు) చూపించండి. మీరు విడిగా వేసే న్యూజెర్సీ రిటర్న్‌లో మీ ఆదాయాన్ని, ఫెడరల్ కూడా విడిగా వేసినట్టే లెక్క కట్టాలి. అసలు ఫెడరల్ జాయింట్ రిటర్న్‌లో మాత్రం ఏమీ మారదు. న్యూయార్క్‌లోనైతే ఇలాంటి జంట, ఇద్దరమూ నివాసులమేనని ఎంచుకుంటే తప్ప, విడివిడిగానే వేయాలి.

పన్ను కన్నా నన్ను కలవరపెట్టింది ఆ 4,000. రెండు ఊళ్లలో రెండు అద్దెలు కట్టే ఇంటికి అది ఒక నెలకైనా సరిపోతుందా? హెచ్-1బి మీద ఉద్యోగం పోతే, కొత్తది దొరక్కుండా అమెరికాలో ఉండడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. కొత్త ఉద్యోగం వెతుక్కుంటూనే లీజు తెంచుకోవడానికీ, లాయరుకీ, విమానం టికెట్లకీ చేతిలో డబ్బు ఉండాలి. అలాంటప్పుడు, కట్టనక్కరలేని పన్ను కోసం 20 శాతం దాటే వడ్డీకి కార్డు గీకుదామనుకోవడం నాకు మింగుడుపడలేదు. రెండు ఇళ్లకూ కలిపి ఆరు నెలల ఖర్చు సేవింగ్స్‌లో చేరేదాకా ప్లాటుకు అదనంగా ఒక్క డాలరు కూడా పంపవద్దు. నిజంగా బాకీ తేలితే ఉన్నంతలో ఏప్రిల్ 15లోపు కట్టి, మిగతాదానికి రాష్ట్రాన్నే వాయిదాలు అడగండి.

ఈ వారంలోనే ప్లాటు అమ్మినవారికి ఫోన్ చేసి, వాయిదాలకు కొన్ని నెలల గడువు ఇస్తారేమో కనుక్కోండి.