బదనికల్లో ఆడా మగా ఎలా తేలుతుంది?

ప్రశ్న: మా కొబ్బరితోటకి నల్లతల గొంగళి పురుగు పట్టి మట్టలన్నీ మాడిపోయినట్టు అయిపోతే ల్యాబ్ నుంచి బ్రాకన్ బదనికలు (గొంగళిని చంపే బుల్లి కందిరీగలు) తెచ్చి వదిలామండి. అక్కడ ఒకాయన ‘పనిచేసేవి ఆడవే, మగవి ఎక్కువొస్తే బ్యాచ్ దండగ’ అన్నారు. తండ్రి లేకుండానే మగవి పుడతాయని కూడా అన్నారు, నిజమేనా?
– ఒక కొబ్బరి రైతు, కోనసీమ

జవాబు: నిజమేనండీ. మగదానికి తండ్రి ఉండడు, తాత మాత్రం ఉంటాడు, అంటే తల్లికి తండ్రి!

మనుషుల్లో ఉన్న ఎక్స్, వై క్రోమోజోముల గొడవ ఈ కందిరీగల జాతిలో లేదు, తేనెటీగలు చీమలు కూడా ఇదే బాపతు. గుడ్డుకి వీర్యం తగిలితే ఆడ, తగలకపోతే మగ. బ్రాకన్ హెబెటార్ అనే రకంలో ఆడదానికి 20 క్రోమోజోములు, మగదానికి 10. జతకట్టినప్పుడు వచ్చిన వీర్యాన్ని తల్లి ఒంట్లో ఒక చిన్న సంచిలో దాచుకుంటుంది, గుడ్డు దిగేటప్పుడు వదలాలా వద్దా అన్నది దాని చేతిలోనే ఉంటుంది. జతకట్టని ఆడది కూడా గుడ్లు పెడుతుంది, కాకపోతే అన్నీ మగవే. అందుకే ల్యాబుల్లో కొత్తగా పుట్టినవాటికి తేనె పెట్టి ఆడా మగా కలిపి ఒకట్రెండు రోజులు ఉంచాకే గొంగళ్లని ఇస్తారు.

ఇక ఆడవే ఎందుకంటే, కుట్టేది అవే కాబట్టి. గొంగళిని కొండితో పొడిచి కదలకుండా పడేసి దాని ఒంటిమీదే గుడ్లు పెడుతుంది, పిల్లలు బయట అతుక్కునే రసం పీల్చేసి దాన్ని తొక్క చేసేస్తాయి. మగదానికి కొండే లేదు, ఏం పొడుస్తుంది పాపం.

ఇక్కడిదాకా ఈజీయే. అసలు కిరికిరి ఏంటంటే బ్రాకన్‌లో 20 క్రోమోజోములు ఉండి కూడా మగవి పుట్టొచ్చు. ఆడా మగా తేల్చే జన్యువుకి చాలా రకాలున్నాయి, తల్లి నుంచి ఒక రకం తండ్రి నుంచి వేరే రకం వస్తేనే ఆడ అవుతుంది, రెండూ ఒకటే రకమైతే వీర్యం తగిలినా మగే. అమెరికాలో వైటింగ్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి ఈ పురుగు మీదే కూర్చుని 1943లో ఈ లెక్క బయటపెట్టారు. ఇలాంటి మగవి చాలావరకు గుడ్డులోనే పోతాయి, బతికినవి కూడా సంతానానికి దాదాపు పనికిరావు. తోబుట్టువులు జతకడితే మగదాని జన్యు రకం ఆడదాని రెండు రకాల్లో ఒకదానితో కలిసే ఛాన్స్ సగం, అలా కలిసిన జంటకి ఆడవి కావాల్సిన గుడ్లలో సగం ఇలా పాడవుతాయి. అంటే ల్యాబులో నాలుగు పురుగులతో మొదలెట్టి వాటి సంతానాన్నే తిప్పితిప్పి పెంచుతూ పోతే గొంగళి మీద పొదగని గుడ్లు, ట్యూబులో మగవి ఎక్కువవుతాయి, మేనరికాలకైనా ఒక హద్దుంటుంది కదా.

ట్రైకో కార్డుల్లో (అట్టల మీద అంటించి) వచ్చే ఇంకో బుల్లి కందిరీగ ట్రైకోగ్రామాకి ఈ బాధ లేదు, ఈ జన్యు రకాల లెక్క వాటికి వర్తించదు, అవి బయటికి రాగానే తోబుట్టువులతోనే జతకట్టే రకం. పైగా వాటిలో కొన్నింటి ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా చేరి, మగతోడు లేకుండానే అన్నీ ఆడవే పుట్టేలా చేస్తుంది. యాంటీబయోటిక్ పెడితే మళ్లీ మగవి పుట్టాయని 1990లో చూపించారు.

ఈసారి ట్యూబు తెచ్చినప్పుడు వెలుతురులో పెట్టి చూడండి: మీసాలు పొట్టిగా, తోక దగ్గర సూదిలాంటిది ఉంటే ఆడది, మీసాలు బాగా పొడుగుంటే మగది. మగవి కాస్త ముందే బయటికొస్తాయి కాబట్టి మొదటిరోజు చూసి కంగారుపడొద్దు. ప్రతిసారీ మగవే ఎక్కువుంటే మాత్రం తోటల నుంచి కొత్త బ్రాకన్లని పట్టుకొచ్చి తల్లి పురుగుల్లో కలపమని ల్యాబువాళ్లకి గట్టిగా చెప్పండి.