అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చేముందు ఏయే కాగితాలు చూడాలి?

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. తిరుపతిలో సొంతింట్లో ఒక్కతే ఉంటోంది. మోకాలి ఆపరేషన్ తర్వాత నడక తగ్గింది. రోజూ ఇన్సులిన్ వేయాలి. ఈ మధ్య మతిమరుపూ మొదలైంది. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. చంద్రగిరి వైపు ఒక 'అసిస్టెడ్ లివింగ్' కేంద్రం (రోజువారీ పనుల్లో సాయం చేస్తూ వృద్ధులను ఉంచుకునే చోటు) చూశాం. 3 లక్షల డిపాజిట్, నెలకు 28 వేలు అంటున్నారు. లైసెన్సు అడిగితే సొసైటీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించారు. అది సరిపోతుందా? ఇల్లు సంస్థ పేర రాసిస్తే డబ్బేమీ కట్టక్కర్లేదని కూడా అన్నారు. అమ్మను అక్కడ చేరిస్తే కేసు పెడతానని మా అన్న బెదిరిస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: ఆ సర్టిఫికెట్ సరిపోదు. ఆ పేరుతో ఒక సంఘం 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైందని మాత్రమే అది చెబుతుంది. భజన మండలి పెట్టుకున్నా వచ్చేది అదే కాగితం. ముసలివాళ్లను చూసుకోవడానికి మనుషులు, మంచాలు, మందులు ఉన్నాయో లేదో ఎవరూ వచ్చి చూసి ఇచ్చింది కాదు.

అసలు చిక్కు చట్టంలోనే ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి చోటుండేలా, రాష్ట్ర ప్రభుత్వం పెట్టవచ్చని 19వ సెక్షన్ చెబుతుంది. డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు కేంద్రం లైసెన్సు తీసుకోవాలన్న సెక్షన్ అందులో లేదు. ఆ లోటు పూడ్చడానికి, కేంద్రాలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు తప్పనిసరి చేస్తూ 2019లో సవరణ బిల్లు తెచ్చారు. అది చట్టం కాకుండానే మురిగిపోయింది. రిటైర్మెంట్ హోమ్‌ల మీద కేంద్ర గృహనిర్మాణ శాఖ అదే ఏడాది ఇచ్చినవి నమూనా మార్గదర్శకాలు మాత్రమే.

కాబట్టి 'లైసెన్సు ఉందా' అని అడిగితే ఎవరైనా ఏదో ఒక కాగితం చూపిస్తారు. అమ్మకు వాళ్లు ఏమేం చేస్తారో ముందు రాబట్టండి. ఒక్కో పనికి ఒక్కో చట్టం ఉంది.

మీ అమ్మ విషయంలో మొదటిది ఇన్సులిన్. ఎవరు వేస్తారు? నర్సు అంటే ఆమెకు రాష్ట్ర నర్సుల కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగండి. మంచాలు వేసి నర్సింగ్, వైద్యం అందిస్తున్న చోటైతే 2002 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం వర్తిస్తుంది. ఆ సర్టిఫికెట్ సంగతి డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి) ఆఫీసులో తెలుస్తుంది. కాలపరిమితి తేదీ చూడండి. 'మాది ఆసుపత్రి కాదండీ, ఆయాలే ఉంటారు' అని చెబితే, ఇన్సులిన్ ఆయా చేతిలో ఉందన్నమాట. మోతాదు ఎక్కువైతే రాత్రి షుగర్ పడిపోతుంది. కనిపెట్టే మనిషి లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఆ జవాబు వస్తే వేరే చోటు వెతుక్కోవడమే మంచిది.

రెండోది మతిమరుపు. జ్ఞాపకం, ఆలోచన బాగా దెబ్బతిని నిర్ణయశక్తిని తీవ్రంగా కుంటుపరిస్తే అది 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని నిర్వచనం కిందికి రావచ్చు. అలాంటివారిని ఉంచుకుని సంరక్షణ ఇచ్చే సంస్థ ఆ చట్టం కింద నమోదు కావాలి. మీ అమ్మ ఇంకా అక్కడిదాకా వెళ్లలేదు. అయినా 'జబ్బు ముదిరితే ఉంచుకుంటారా, పంపేస్తారా, గదికి తాళం వేస్తారా' అని ఇప్పుడే అడిగి రాయించుకోండి. వంటగదికి ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషన్, భవనానికి అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం (ఫైర్ ఎన్‌ఓసీ) కూడా చూడండి.

వాళ్లు చూపించినవి నిజమైనవో కావో తెలియాలంటే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తులు పెట్టండి. ఒకటి డీఎంహెచ్‌వో ఆఫీసుకు, మరొకటి జిల్లాలోని వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసుకు. రిజిస్ట్రేషన్ ఉందా, తనిఖీ ఎప్పుడు చేశారు, ఫిర్యాదులు వచ్చాయా అన్న మూడూ అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందాకా డిపాజిట్ కట్టకండి.

ఇక డబ్బు. ఇలాంటి చోట్ల ఎక్కువ తగాదాలు రసీదు దగ్గరే పుడతాయి. డిపాజిట్ తీసుకుని 'విరాళం' అని రసీదు ఇస్తారు. ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఊరిస్తారు. రేపు అమ్మను తీసుకెళ్తామంటే విరాళం తిరిగివ్వడం ఉండదంటారు. రసీదులో 'తిరిగి చెల్లించవలసిన డిపాజిట్' అనే ఉండాలి. డబ్బు బ్యాంకు ద్వారానే పంపండి. జీఎస్టీ సంగతీ తేల్చుకోండి. ధార్మిక సంస్థగా ఆదాయపు పన్ను చట్టం కింద నమోదైన వృద్ధాశ్రమం, 60 దాటినవారి దగ్గర వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25 వేల లోపు తీసుకుంటే జీఎస్టీ మినహాయింపు ఉంది. మీకు చెప్పింది 28 వేలు కాబట్టి అది దొరకదు. ఆ మొత్తంలో పన్ను కలిసి ఉందా, పైన వేస్తారా అన్నది ఒప్పందంలో కనబడాలి.

ఒప్పందం మీ అమ్మ, మీరు, సంస్థ ముగ్గురి మధ్య, తెలుగులో, స్టాంపు కాగితం మీద ఉండాలి. అమ్మకు చదివి వినిపించి ఆమె చేతే సంతకం పెట్టించండి. అదే వారంలో, ఆమెకు విషయం అర్థమవుతోందని డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి జతచేయండి. నెల ఫీజులో ఏవి ఉన్నాయో, డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, ప్రత్యేక ఆయా ఏవి అదనమో రేట్లతో సహా రాయాలి. ఫీజు ఏడాదికి ఎంత శాతం మించి పెంచకూడదో, రాత్రిపూట ఎంతమందికి ఒక మనిషి ఉంటారో ఉండాలి. పడిపోతే తిరుపతిలో రుయా ఆసుపత్రికా స్విమ్స్ ఆసుపత్రికా, ఎంతసేపట్లో తీసుకెళ్తారు, మీకెప్పుడు ఫోన్ చేస్తారు, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మంచం ఉంచి ఫీజు సగమా పూర్తిగానా, పంపేయాలంటే ఎన్ని రోజుల నోటీసు, వెళ్లినా చనిపోయినా డిపాజిట్ ఎన్ని రోజుల్లో వస్తుంది, ఇవన్నీ నోటిమాటగా వదలకండి. ఒంటిమీది బంగారం ఇంటికి పంపేయండి. మిగతా సామాను జాబితా మీద ఇద్దరి సంతకాలు ఉండాలి. 'ఏం జరిగినా సంస్థ బాధ్యత లేదు' అన్న వాక్యం దాదాపు ప్రతి ఫారంలో ఉంటుంది. అది కొట్టేయించండి. కొట్టేయకపోయినా, వాళ్ల నిర్లక్ష్యం రుజువైతే ఆ వాక్యం వాళ్లను కాపాడదు.

ఇల్లు మాత్రం రాసివ్వకండి. 2007 వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ ప్రకారం, పోషిస్తామన్న షరతు మీద ఆస్తి తీసుకుని పోషించకపోతే ఆ దస్తావేజు చెల్లదని ఆ చట్టం కింద ఆర్డీవో (రెవెన్యూ డివిజన్ అధికారి) నడిపే ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. కానీ ఆ షరతు ఉందని రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరి తీర్పులో చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా అన్వయించాలన్నది. ఏదేమైనా, ఒకసారి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో గిఫ్ట్ డీడ్ అయ్యాక మతిమరుపున్న మనిషి ఆర్డీవో ఎదుట నిలబడి దాన్ని రద్దు చేయించుకోవడం తేలిక కాదు. జీపీఏ (ఒకరి తరఫున పనులు నడపడానికి రాసిచ్చే అధికార పత్రం) తీసుకుంటే చాలని కొందరంటారు. ఇచ్చిన మనిషికి మతి చలిస్తే, కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం జీపీఏ కూడా ముగిసిపోతుంది. అమ్మకు తెలివి ఉన్నప్పుడే బ్యాంకు ఖాతాను ఇద్దరిలో ఎవరైనా నడిపేలా జాయింటుగా మార్చండి. ఆ అవకాశం దాటిపోతే సంరక్షకుడిగా నియమించమని హైకోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.

మీ అన్న చెప్పే కేసు అదే 2007 చట్టంలోని 24వ సెక్షన్. వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆమె ఇష్టంతో చేర్చి, ఫీజు కడుతూ, వెళ్లి చూసొస్తుంటే అది విడిచిపెట్టడం కాదు. చేర్చిన నాలుగు నెలలకు ఫీజు ఆపి ఫోన్ ఎత్తని కొడుకుల మీదికే ఆ సెక్షన్ వస్తుంది. మీ అన్న కూడా ఆమె బిడ్డే కాబట్టి పోషణ బాధ్యత ఆయనకూ ఉంది. ఖర్చులో ఆయన వాటా కోసం మీ అమ్మ ఆర్డీవో ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2007 చట్టం కింద ట్రిబ్యునల్ ఇప్పించగలిగేది నెలకు గరిష్ఠంగా 10 వేలు.

చేర్చాక సేవలో లోపం వస్తే, మీరు డబ్బు కట్టారు కాబట్టి 2019 వినియోగదారుల చట్టం కింద రెండేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు. బెంగళూరు నుంచే వేయవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఒప్పందమే అన్యాయంగా ఉందని వేసే ఫిర్యాదు మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్ తీసుకోదు, రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. అమ్మను కొట్టారనో కట్టేశారనో తెలిస్తే కమిషన్ కోసం ఆగకుండా పోలీసులకు చెప్పండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కీ ఫోన్ చేయండి.