షెడ్డు కబుర్లు: తలుపు పిడికి మోటారెందుకు?

ప్రశ్న: మేస్త్రి గారూ, ఈ మధ్య అమెరికా వెళ్లి నాలుగు నెలలుండి వచ్చాను. మా అల్లుడిది టెస్లా కంపెనీ కరెంటు కారు మోడల్ ఎస్, మేనల్లుడిది అదే కంపెనీ మోడల్ 3. రెండూ ఎక్కాను. రెండిటికీ చప్పుడు లేదు, రెండూ కాలు ఆనించగానే ఉరుకుతున్నాయి. కొన్ననాడు అల్లుడి కారు దాదాపు రెట్టింపు రేటట! ఆ డబ్బంతా ఎక్కడ పెట్టారు? లేకపోతే చవక కారుని కావాలనే తగ్గించి చేస్తారా?
– రొయ్యల రైతు, ఆకివీడు

జవాబు: మీ రెండో అనుమానంలో కూడా కొంత నిజముందండి. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ అల్లుడి కారు దగ్గరికి వెళ్లినప్పుడు తలుపు పిడి దానంతట అదే బయటికి వచ్చి ఉంటుంది, గుర్తుందా? లోపల చిన్న మోటారు ఉంది. మేనల్లుడి కారు పిడికి మోటారు లేదు. వెడల్పు కొసని బొటనవేలితో నొక్కితే రెండో కొస బయటికి లేస్తుంది, పట్టుకుని లాగాలి. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పార్కింగ్‌లో నిలబడి రెండు రకాల తలుపులూ పదేసి సార్లు తీసి వేశాను. వాడు “చాల్లే నాన్నా, చూస్తున్నారు” అని విసుక్కున్నాడు. నాకు మాత్రం ఆ పిడి దగ్గరే సగం లెక్క తేలిపోయింది. నాలుగు మోటార్లు, వాటి వైర్లు, బిగించే మనిషి టైము, రేపు పాడైతే రిపేరు ఖర్చు, మేనల్లుడి కారులో ఇవన్నీ ఆదా అయ్యాయి. చేసే పని మాత్రం తలుపు తెరవడమే.

లోపల కూడా ఇదే పద్ధతి. ఎస్‌లో స్టీరింగ్ ఎదురుగా మీటర్ల తెర ఒకటి, పక్కన పెద్ద తెర ఇంకొకటి. 3 వచ్చేసరికి మధ్యలో 15 అంగుళాల తెర ఒక్కటే, స్పీడు కూడా దాని మూలనే చూసుకోవాలి. ఎస్ బాడీ ఎక్కువ భాగం అల్యూమినియం. 3లో స్టీలు, అల్యూమినియం కలిపి వాడారు. ఎస్‌కి గాలి సస్పెన్షన్ ఉంది, 3కి మామూలు స్ప్రింగులే. పొడవులో 3 ఒక అడుగు తక్కువ. డిక్కీ తలుపు ఎస్‌కి అద్దంతో సహా పైకి లేస్తుంది, 3కి కింది మూత మాత్రమే లేస్తుంది. ఫ్రిజ్‌లాంటిది ఎక్కించేటప్పుడు తెలుస్తుంది తేడా.

ఇంతవరకూ డబ్బు పెట్టినచోట సరుకు కనిపిస్తోంది. ఇక్కడే అందరూ ఒక పొరపాటు పడతారు. 3 అంటే ఎస్‌కి తక్కువ రకం అనుకుంటారు. వంద కౌంటు రొయ్యని, అంటే కిలోకి వంద తూగే చిన్నదాన్ని, ఇంకా కొన్నాళ్లు ఉంచి మేపితే ముప్పై కౌంటు అవుతుంది కదా, అలా కాదండి ఇది. వేరే సీడు.

మీ చెరువులో ఏరియేటర్ తిప్పే మోటారు చూడండి, అది ఇండక్షన్ మోటారు. 2012లో ఎస్ వచ్చినప్పుడు అందులో పెట్టింది కూడా ఆ జాతి మోటారే. రోటర్‌లో, అంటే లోపల తిరిగే భాగంలో, అయస్కాంతం ఉండదు, కరెంటుతోనే పుట్టించుకోవాలి. ఆ పనిలో కొంత కరెంటు వేడిగా పోతుంది. చేత్తో ముట్టుకుంటే మీకే తెలుస్తుంది కదా. 2017లో మోడల్ 3 వచ్చినప్పుడు దాని రోటర్‌లో శాశ్వత అయస్కాంతాలే పెట్టేశారు. అంతే బ్యాటరీతో ఇంకాస్త దూరం పోవచ్చు. 2019లో ఆ రకం మోటారుని తీసుకెళ్లి ఎస్ ముందు చక్రాలకి బిగించారు. అంటే ఒక రెండేళ్లు మేనల్లుళ్ల కార్లలోనే కొత్త రకం మోటారు తిరిగింది, అల్లుళ్లకి తర్వాత అందింది.

పేరులో 3 ఉండేసరికి అక్కడి జనం కూడా ఫోన్ల లెక్కన ఇదే కొత్తదనుకుని ఎస్ కొనడం ఆపుతారేమోనని కంపెనీకి టెన్షన్ పట్టుకుంది. 3 అంటే కొత్త తరం కాదు, ఎస్ కంటే చిన్నది, ఫీచర్లు తక్కువ అని 2017లో టెస్లా అధినేత ఎలన్ మస్క్ స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది. అమ్మేవాడే తన సరుకుని తక్కువ చేసి చెప్పుకోవడం మన ఏలూరు సంతలో కూడా చూడం. అయితే ఎస్ లాంటివి అమ్మిన డబ్బుతోనే చవక కారు తేవాలన్నది 2006లో ఆయనే రాసి పెట్టిన ప్లాను. అల్లుళ్లు ఎస్ కొనకపోతే మేనల్లుళ్లకి 3 వచ్చేది కాదు.

ఇప్పుడు మీ రెండో అనుమానం. 2013లో మోడల్ ఎస్‌ని 40 యూనిట్ల బ్యాటరీతో అమ్మాలనుకున్నారు. బుక్ చేసినవాళ్లలో 4 శాతం మందే అది అడిగారు. అంత కొద్దిమంది కోసం వేరే బ్యాటరీ తయారు చేయడం దండగని, వాళ్లకి కూడా 60 యూనిట్ల బ్యాటరీయే పెట్టి, సాఫ్ట్‌వేర్‌తో 40 దగ్గర తాళం వేసి ఇచ్చారు. తర్వాత 2016లో 75 యూనిట్ల బ్యాటరీని 60గా అమ్మారు. మిగతాది కావాలంటే డబ్బు కడితే తాళం తీసేవారు. 2017 సెప్టెంబరులో ఫ్లోరిడా మీదికి ఇర్మా తుపాను వస్తోందని జనం ఊళ్లు ఖాళీ చేస్తుంటే, కంపెనీ ఎక్కడో కూర్చుని అక్కడి కార్లకి ఆ తాళం కొన్నాళ్లు తీసేసింది. ఒక్కో కారు 50, 60 కిలోమీటర్లు ఎక్కువ పోయింది.

96 తుపానులో కోనసీమ ఎలా అయిందో చూసినవాణ్ణి నేను. ఆ సమయానికి తాళం తీయడం మంచి పనే. కానీ గాదె నాది, ధాన్యం నా బండి మీదే మోస్తున్నాను, తాళం చెవి మాత్రం షావుకారు దగ్గరుంది! నాకైతే మింగుడు పడలేదు. ఒక్క లాభం ఉంది లెండి. పైన ఖాళీ వదిలి తాళం వేశారు కాబట్టి, ఆ కారు నూరు శాతం చూపించినా బ్యాటరీ నిజంగా నిండదు. బ్యాటరీకి శ్రమ తక్కువ.

ప్రశ్న: మహీంద్రా బీఈ 6 చూశాను. 59 యూనిట్లు ఒకటి, 79 యూనిట్లు ఒకటి. షోరూమ్‌వాళ్లు పెద్దదే తీసుకోమంటున్నారు. కాలేజీకి రాను పోను 60 కిలోమీటర్లు, ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాద్.
– లెక్చరర్, అమలాపురం

జవాబు: ఈ సైజు కారు యూనిట్‌కి 5, 6 కిలోమీటర్లు వస్తుందనుకోండి. మీ రోజు తిరుగుడికి 12 యూనిట్లు చాలు. ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గు గంటకి సుమారు 3 యూనిట్లు ఎక్కిస్తుంది. పడుకునే ముందు పెడితే నాలుగు గంటల్లో అయిపోతుంది. పెద్ద బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితే అదే ప్లగ్గు మీద ఒక రోజు దాటుతుంది. హైదరాబాద్‌కి చిన్నదానితో దారిలో ఎటూ ఆగాలి. టీ, టిఫిను అయ్యేలోపు ఫాస్ట్ చార్జింగ్ అవుతుంది. ఏడాదిలో ఆ మూడు ప్రయాణాల కోసం మిగతా రోజులన్నీ వంద కిలోలకి అటూ ఇటుగా అదనపు బరువు మోసుకు తిరగాలా అన్నది మీరే ఆలోచించండి. నేనైతే చిన్నదే కొంటాను.

ఏ కంపెనీకి వెళ్లినా ఒక సంగతి మాత్రం గట్టిగా అడగండి. పెద్ద బ్యాటరీ కావాలంటే పై మోడలే తీసుకోవాలని ముడిపెడతారు. అప్పుడు మీకు అక్కర్లేని గాజు టాపు, పెద్ద చక్రాలు కూడా వెంట వస్తాయి. మా వీధి డాక్టరు గారు అలాగే టాప్ మోడల్ తీసుకున్నారు. మే నెలలో ఆ గాజు టాపు కింద కూర్చోలేక పాత దుప్పటి కప్పుకుని తిప్పారు. వర్షాల్లో కాలువ గట్టు మీద గోతిలో పడి అల్లాయ్ రిమ్ము అంచు వంగింది. రిమ్ముకీ రోడ్డుకీ మధ్య రబ్బరు నాలుగు వేళ్లు కూడా లేదు. ఆ కారు కింది మోడల్‌కి చిన్న చక్రం, లావు టైరు. మన గట్ల మీద అది హాయి.

ప్రశ్న: టెస్లా మన దేశానికి వచ్చిందట కదా, చవక రకం దొరుకుతుందా? గోదావరి దాటించే మన పంటు మీద ఎక్కుతుందా?
– గృహిణి, నరసాపురం

జవాబు: 2025 జూలైలో ముంబైలో షోరూమ్ తెరిచారమ్మా. అమ్మకానికి పెట్టింది మోడల్ వై. పైన చెప్పిన మోడల్ 3కి తోబుట్టువే, చాలా భాగాలు దానివే. అక్కడ అది చవక వరసే, కానీ తయారైన కారుని దిగుమతి సుంకం కట్టి తెచ్చేసరికి అప్పుడు ఇక్కడ 60 లక్షల దగ్గర మొదలైంది. పంటు మీద ఎక్కుతుంది. పంటువాడు మోడల్ అడగడు, కారుకింతని తీసుకుని సఖినేటిపల్లి రేవులో దింపుతాడు.