మూడు గుళ్ళు, కోనేట్లో రెట్టింపయ్యే పూలు: 7 ఎలా వచ్చింది?

లెక్క ఇదీ: ఒకాయన బుట్టలో పూలతో మూడు గుళ్ళకి వెళ్తాడు, ప్రతి గుడి ముందూ ఉన్న కోనేట్లో ముంచితే పూలు రెట్టింపవుతాయి, అన్ని గుళ్ళలోనూ సమానంగా పెట్టాలి, చివరికి బుట్ట ఖాళీ అవ్వాలి. కనీసం ఎన్నింటితో బయల్దేరాడు?

చాలామంది 5 అనుకుందాం, 6 అనుకుందాం అని ముందు నుంచి మొదలెడతారు, అలా అయితే టైమ్ అంతా పోతుంది. వెనక నుంచి రండి. గుడికి 8 పెట్టాడనుకోండి, చివర్లో 8 పెడితే ఖాళీ, అంటే ముంచకముందు 4. ఆ 4 రెండో గుళ్ళో 8 పెట్టాక మిగిలినవే కాబట్టి అక్కడ ముంచాక 12, ముంచకముందు 6. ఆ 6కి మొదటి గుళ్ళో పెట్టిన 8 కలిపితే 14, అందులో సగం 7.

మరి 8 ఏ ఎందుకు? పువ్వుని తుంచలేం కదా, వెనక్కి వస్తూ మూడుసార్లు సగం చేయాలి, అందుకే 8తో భాగించగలిగే సంఖ్యే కావాలి. 14 తీసుకెళ్ళి గుడికి 16 పెట్టినా కరెక్టే, అందుకే "కనీసం ఎన్ని" అని అడగడం చాలా ముఖ్యం, పిల్లలకి చెప్పేటప్పుడు ఆ మాట దయచేసి వదిలేయకండి. నాలుగు గుళ్ళయితే 15తో బయల్దేరి 16 చొప్పున పెట్టాలి.