మేనల్లుడి పేరు మీద పోగైన డబ్బు

ప్రశ్న: మా అక్క కొడుకు పదిహేడో ఏట ఆత్మహత్య చేసుకున్నాడు. తోటి పిల్లలు వాణ్ని కొడుతుండేవారని పోయాకే తెలిసింది. వాడి పేరు మీద బంధువులం కొంత డబ్బు పోగుచేశాం. పిల్లల్లో హింస, ఆత్మహత్యలు ఆపే మార్గాల మీద జరిగే పరిశోధనకు ఇద్దామని నా ఆలోచన. బావగారు ఒప్పుకోవడం లేదు. ‘రీసెర్చ్ అంటే కాగితాలు. స్కూళ్లలో టీచర్లకు ట్రైనింగ్ ఇప్పిస్తే నలుగురు పిల్లలైనా బతుకుతారు’ అంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: బావగారి తొందర నాకు అర్థమవుతుంది. కౌన్సెలర్‌గా నేను చాలా ఏళ్లు చేసిన పని అదే. దిగులుగా ఉన్న పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలో టీచర్లకు నేర్పేదాన్ని. చివర్లో అందరూ ‘చాలా ఉపయోగపడింది’ అని రాసిచ్చేవారు. ఆ కాగితాలు చూసుకుని తృప్తిపడ్డాను. దానివల్ల ఒక్క బిడ్డయినా బతికిందా అన్నది మాత్రం ఎవరూ లెక్క చూడలేదు. లెక్క చూడటానికి డబ్బు ఇచ్చినవాళ్లూ లేరు.

ఆ లెక్క ఐరోపాలో చూశారు. పది దేశాల్లో, 168 స్కూళ్లలో, 11,110 మంది పిల్లలతో చేసిన అధ్యయనం అది. 2015లో ఫలితాలు వచ్చాయి. కొన్ని స్కూళ్లలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. కొన్నిచోట్ల ప్రశ్నపత్రాలతో ప్రమాదంలో ఉన్నవాళ్లను గుర్తించి డాక్టర్ల దగ్గరికి పంపారు. ఇంకొన్ని చోట్ల పిల్లలే చిన్న సన్నివేశాలు నటిస్తూ, టెన్షన్, గొడవలు, నిరాశ వచ్చినప్పుడు ఏం చేయాలో తమలో తాము మాట్లాడుకున్నారు. మిగతా స్కూళ్లలో గోడకు పోస్టర్లు మాత్రమే. మూడు నెలలకు చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఎక్కడా లేదు. ఏడాదికి చూస్తే, పిల్లలే మాట్లాడుకున్న చోట కొత్తగా ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు 0.70 శాతం, పోస్టర్ల స్కూళ్లలో 1.51 శాతం. టీచర్ల శిక్షణ వల్ల స్పష్టమైన తేడా రాలేదు. ఇది చదివిన రోజు నాకు చాలా బాధేసింది.

మూడు నెలలతోనే డబ్బు అయిపోయి ఉంటే? అన్నీ దండగ అని రాసేసేవాళ్లు. అందుకే మీ ఆలోచన వైపే నేనున్నాను.

అమెరికాలోని బాల్టిమోర్‌లో 1985లో ఒకటో తరగతి పిల్లలతో ఒక ఆట మొదలుపెట్టారు. క్లాసును జట్లుగా చేసి, అల్లరి తగ్గించిన జట్టును మెచ్చుకోవడం, అంతే. ఆ పిల్లల్ని ఇరవై ఏళ్లు వచ్చేదాకా కనిపెట్టి చూశారు. ఆడినవాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు సుమారు సగానికి తగ్గాయి. చిన్నప్పుడు బాగా దూకుడుగా ఉన్న మగపిల్లల్లో పెద్దయ్యాక హింస, నేరాలు కూడా తగ్గాయి. తర్వాతి ఏడాది బ్యాచ్‌లో ఫలితం ఇంత బలంగా లేదు. ఆ ఏడాది టీచర్లకు వెన్నంటి ఉండే సాయం తగ్గింది. మీ మేనల్లుడి విషయంలో దెబ్బలూ చావూ ఎలా ఒకదానికొకటి ముడిపడ్డాయో, నివారణ కూడా అలాగే ముడిపడి ఉంటుంది. డబ్బులిచ్చేవాళ్లు మాత్రం ఈ రెంటినీ వేర్వేరు పద్దుల్లో చూస్తుంటారు.

మీ డబ్బుతో పెద్ద అధ్యయనం నడవదు. ఇప్పటికే నడుస్తున్నదానికి ఇంకో ఏడాది పిల్లల్ని కలిసే ఖర్చు భరిస్తామని చెప్పండి. ఇచ్చేముందు అడగండి: ఏ పిల్లలతో పోల్చి చూస్తున్నారు? ఫలితం రాకపోయినా బయటపెడతారా? అన్నిటికంటే ముఖ్యం, ప్రశ్నలకు జవాబిస్తూ ఒక బిడ్డ ‘నాకు చావాలని ఉంది’ అని రాస్తే, అదే రోజు ఆ బిడ్డ దగ్గరికి ఎవరు వెళ్తారు? దీనికి తడుముకుంటే ఇవ్వకండి.

ఒక్క మాట. మీ ఉత్తరంలో బావగారి మాట ఉంది, మీ మాట ఉంది, అక్కగారి మాట లేదు. బిడ్డను ఇలా పోగొట్టుకున్న తల్లిదండ్రులకూ ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. డబ్బు సంగతి నెల రోజులు ఆగినా ఫర్వాలేదు. ఆమె పక్కన కూర్చుని, చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.