స్థితిస్థాపకత అంటే సాగడమేనా?

సందేహం: ‘వెన్నుపూసను కప్పి ఉండే పొరలు గట్టివే అయినా వాటికి స్థితిస్థాపకత ఉంది’ అని ఒక పాఠంలో రాశాను. గట్టిగా ఉన్నది సాగదు కదా, రెండూ ఎలా పొసగుతాయని మా మాస్టారు కొట్టేశారు. తప్పెక్కడ?

సమాధానం: మాస్టారు కొట్టేయాల్సిన మాట మరొకటుంది. ‘వెన్నుపూస’. పూస అంటే ఎముక. ఆ పూసల దండ లోపల సాగిపోయే నరాల తాడు వెన్నుపాము. మీరు చెబుతున్న పొరలు ఉన్నది దాని చుట్టూ. పత్రికలవారు కూడా ఈ రెండింటినీ తరచు కలిపేస్తుంటారు.

ఇక అసలు విషయం. స్థితిస్థాపకత అంటే సాగడం కాదు, సాగినదో వంగినదో మళ్లీ తన స్థితికి రావడం. మాటలోనే ఉంది. ఇది నిన్నమొన్న పాఠ్యపుస్తకాలవాళ్లు పుట్టించింది కూడా కాదు. తర్కశాస్త్రంలో సంస్కారం అనే గుణం మూడు రకాలు: వేగం, భావన, స్థితిస్థాపకం. మన ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో మూడోదానికి చూపిన ఉదాహరణ ‘కటం’, అంటే చాప. చుట్టిన చాపను పరిచి చూడండి, అంచు మళ్లీ చుట్టుకుంటుంది. చాప సాగిందా? లేదు. స్థితిస్థాపకత ఉందా? ఉంది. రబ్బరు కంటే ఉక్కుకే ఈ గుణం ఎక్కువని ఫిజిక్సు మాస్టారు చెబితే పిల్లలు తెల్లబోయేది ఈ గందరగోళం వల్లే.

చిక్కంతా ‘గట్టి’తో వచ్చింది. గట్టి తాడు అంటే తెగనిది. గట్టి నేల అంటే గునపం దిగనిది. గట్టి అట్ట అంటే సులువుగా వంగనిది. మూడూ వేరు వేరు గుణాలు, మాట ఒక్కటే. మాట్లాడేటప్పుడు ఇబ్బంది లేదు, పాఠంలో ఉంది. తెగనిదానికి ‘బలం’, గునపం దిగనిదానికి ‘కాఠిన్యం’ చాలు. మూడోదానికి ‘దృఢత్వం’ అంటున్నారు గానీ, భౌతికశాస్త్రంలో ‘దృఢతా గుణకం’ అప్పటికే మరో కొలతకు పేరైపోయింది. నన్నడిగితే ‘బిరుసు’ అంటాను. గంజి పెట్టిన చీర బిరుసెక్కుతుంది, దాని బలం పెరిగిందని మాత్రం ఎవరూ అనరు.

చీర మాట ఊరికే ఎత్తలేదు. వెన్నుపామును కప్పే పొరలు మూడు. ఇంటర్ జంతుశాస్త్రంలో వాటికి పై నుంచి లోపలికి వరుసగా వరాశిక, లౌతికళ, మృద్వి అని పేర్లున్నాయి. లాటిన్‌వారు అరబ్బీ వైద్యుల మాటను అనువదించి పై పొరను ‘గట్టి తల్లి’ అన్నారు. మనవాళ్లు తల్లిని వదిలి గుడ్డను పట్టుకున్నారు. ‘వరాశి’ అంటే ముతక బట్ట అని అమరకోశం. లౌతికళలోని ‘లూత’ అంటే సాలెపురుగు. పేరు పెట్టినవారెవరో గానీ చేయి తిరిగినవారు. వరాశిక నిజంగానే బట్టలాంటిది. అందులో కొలాజెన్ అనే ప్రొటీన్ పోగులు అలలు అలలుగా ఉంటాయి. లాగగానే ముందు అలలు విప్పుకుంటాయి, అందుకే తేలిగ్గా సాగుతుంది. పోగులు తిన్నగా అయ్యాక ఒక్కసారిగా బిరుసెక్కుతుంది. వదిలితే వెనక్కి వస్తుంది. మనిషి నడుము భాగపు వరాశికను నిలువుగా, అడ్డంగా ముక్కలు కోసి లాగి చూస్తే నిలువు ముక్కలే ఎక్కువ బిరుసుగా, ఎక్కువ బలంగా తేలాయి. పేక కంటే పడుగు బలంగా ఉన్న నేత అనుకోండి. మనం ముందుకు వంగినప్పుడు వెన్ను కాలువ పొడవు కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది, ఆ లాగుడు పడేది నిలువునే.

పేరు మోసం చేసేది మృద్వి దగ్గర. పేరుకు మెత్తనిది, చూపుకు పలచనిది. కుందేళ్లలో కొలిస్తే అది కప్పుకున్న వెన్నుపాము కణజాలం కంటే కొన్ని వందల రెట్లు బిరుసు! లోపలి మెత్తని పదార్థాన్ని ఒద్దికగా పట్టి ఉంచేది ఆ పల్చటి పొరే. కాబట్టి ‘మృద్వి మృదువుగా ఉంటుంది’ అని పేరును చూసి రాసేయకండి.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘వెన్నుపామును కప్పిన పొరల్లో పైదైన వరాశిక బలమైనది. కొద్దిగా సాగి, ఆపైన బిరుసెక్కుతుంది. లాగుడు ఆగితే తన స్థితికి వస్తుంది.’ ఇందులో స్థితిస్థాపకత అన్న మాటే లేదు, గుణం మాత్రం ఉంది. మాస్టారు ఆ మాట కావాలంటే చివరి వాక్యం పక్కన చేర్చండి.